పది శాతం ఎవరి లెక్క?

ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా, అటు ఔటర్ సర్వీసు రోడ్డు పట్టుకుని హిమాయత్ సాగర్ కట్ట దాకా, వ్యాపారుల నోట ఈమధ్య ఒకటే మాట: ‘టర్నోవర్‌లో పది శాతం డిజిటల్ మార్కెటింగ్‌కు తీసిపెట్టాలట.’ ఎవరు చెప్పారంటే ఏజెన్సీ కుర్రాడు చెప్పాడంటారు. అతనికి వాళ్ల మేనేజరు చెప్పాడు. మేనేజరు ఎక్కడో చదివాడు. ఫంక్షన్ హాలు వాళ్లు, రిసార్టుల వాళ్లు, ఎయిర్‌పోర్టు దగ్గర లాడ్జి నడిపేవాళ్లు, ట్రావెల్స్ వాళ్లు అందరూ దీన్ని పంచాంగంలో అచ్చయిన మాటలా నమ్ముతున్నారు. ఈ మాటకు పునాది లేదు. ఏజెన్సీకి ఎంత ఇవ్వాలో టర్నోవరు చెప్పలేదు. కొత్తగా వచ్చిన ఒక్కో గిరాకీ మీద చేతికి ఎంత మిగులుతుందో అదే చెబుతుంది.

ముందు దీని పుట్టుక చూద్దాం. అమెరికా ప్రభుత్వపు చిన్న వ్యాపారాల సంస్థ పేరుతో ఒక సలహా చాలా ఏళ్లుగా తిరుగుతోంది. అందులో ఉన్నది ఏడెనిమిది శాతం. దానికి షరతులు కూడా ఉన్నాయి: ఏటా అమ్మకాలు 50 లక్షల డాలర్ల లోపు ఉండాలి, ఖర్చులన్నీ పోను పది పన్నెండు శాతం లాభం మిగలాలి. పైగా అది మార్కెటింగ్ మొత్తానికి చెప్పిన మాట. బోర్డులు, కరపత్రాలు, పత్రికా ప్రకటనలు అన్నీ అందులోకే వస్తాయి. సముద్రం దాటి శంషాబాద్ చేరేలోపు షరతులు జారిపోయాయి, ఏడెనిమిది కాస్తా పది అయింది, మార్కెటింగ్ అంతా ఏజెన్సీ బిల్లులోకి ఒదిగిపోయింది.

ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న వ్యాపారాలకు దీన్ని పెట్టి చూడండి. 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల టికెట్ల ఏజెంట్లు, కార్గో బుకింగ్ వాళ్లు, విదేశీ కరెన్సీ మార్చేవాళ్లు పెరిగారు. ఏడాదికి కోటి రూపాయల టికెట్లు అమ్మిన ఏజెంటుకు ఆ కోటిలో మిగిలేది కొద్ది లక్షలు. పది శాతం సూత్రం ప్రకారం అతను ఏజెన్సీకి పది లక్షలు ఇవ్వాలి. అంటే సంపాదించినదంతా ఇచ్చి, మిగతాది అప్పు తెచ్చి కట్టాలి. ఇటు సొంత స్థలంలో, అప్పు లేకుండా హాలు కట్టుకున్నాయన రెండు లక్షల అద్దెలో ముప్పాతిక భాగం మిగుల్చుకుంటాడు. ఇద్దరికీ ఒకే శాతం అన్నవాడికి వీళ్లలో ఎవరి వ్యాపారమూ తెలియనట్టే.

ఏజెన్సీ మనిషి వచ్చి కూర్చోగానే జరిగే సంభాషణ ఈ రోడ్డంతా దాదాపు ఒకటే.

“అన్నా, సంవత్సరానికి టర్నోవర్ ఎంత అయితది?”

“అది నీకెందుకు తమ్మీ?”

“అంటే బడ్జెట్ వేసుకోవాలె గద అన్నా.”

జేబులో ఎంత ఉందో తెలుసుకుని ధర చెప్పడం అంటే ఇదే. పనికి ధర కట్టేవాడైతే అతని మొదటి ప్రశ్న వేరుగా ఉంటుంది: ‘ఏ తేదీలు ఖాళీగా పోతున్నాయి?’

ఆ ప్రశ్న నుంచి లెక్క మొదలుపెడదాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. హాలు అద్దె రెండు లక్షలు. ఆ రోజు జనరేటరు డీజిలు, కరెంటు, శుభ్రం చేసే మనుషులు, సెక్యూరిటీ కలిపి యాభై వేలు. మిగిలేది లక్షన్నర. ఖాళీగా పోయే తేదీ ఒకటి నిండితే అందులోంచి ఇరవై వేలు వదులుకోవడానికి మీరు సిద్ధం అనుకుందాం. నలభై ఫోన్లు వస్తే పది కుటుంబాలు హాలు చూడటానికి వస్తాయి, రెండు కుటుంబాలు బయానా ఇస్తాయి. అంటే ఒక బుకింగుకు ఇరవై ఫోన్లు. ఒక ఫోను మీద మీరు పెట్టగలిగింది వెయ్యి రూపాయలు, ప్రకటన ఖర్చు, ఏజెన్సీ ఫీజు రెండూ కలిపి. నెలకు నాలుగు ఖాళీ తేదీలు నింపాలంటే ఎనభై ఫోన్లు, ఎనభై వేలు. గూగుల్‌లో ఒక ఫోను తెప్పించడానికి ఆరు వందలు పడితే ప్రకటనలకు 48 వేలు పోయి ఏజెన్సీకి 32 వేలు మిగులుతాయి. తొమ్మిది వందలు పడితే మిగిలేది ఎనిమిది వేలే. అప్పుడు ఏజెన్సీ ఆ తొమ్మిది వందలను కిందికి దించాలి, లేదా మీరు ఆ పని మానుకోవాలి. అదే హాలుకు ఏడాదికి 80 తేదీలు నిండుతుంటే టర్నోవరు కోటీ అరవై లక్షలు. పది శాతం లెక్కన నెలకు లక్షా ముప్పై వేల పైమాటే.

ఆ 80 తేదీల్లో ఏజెన్సీ తెచ్చినవి ఎన్ని అన్నది ఇంకో తగువు. మాఘంలోనో వైశాఖంలోనో గట్టి ముహూర్తం ఉన్న రోజున అత్తాపూర్ నుంచి మొయినాబాద్ దాకా ఖాళీ హాలు దొరకడమే కష్టం. ఆ రోజు నిండటానికి రీల్సు అక్కర్లేదు, గేటు మీద ఫోన్ నంబరు చాలు. ఏజెన్సీ నెలాఖరు నివేదికలో మాత్రం ఆ బుకింగులు కూడా దాని ఖాతాలోనే పడతాయి. నిజంగా చెమటోడ్చాల్సింది ముహూర్తం లేని రోజులకు: రిసెప్షన్లు, వలీమాలు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, కంపెనీల మీటింగులు. నిఖాకు మన పంచాంగంతో పనిలేదు. రంజాన్ నెలలో పెళ్లిళ్లు తగ్గి, పండుగ కాగానే ఊపందుకుంటాయి. టోలిచౌకీ, మెహిదీపట్నం, పాతబస్తీ కుటుంబాలు హిమాయత్ సాగర్ వైపు హాళ్లు వెతుకుతున్నప్పుడు తెలుగు ముహూర్తాల పట్టిక మాత్రమే ముందు పెట్టుకుని ప్రకటనలు నడిపే ఏజెన్సీకి సగం గిరాకీ కంటికే ఆనదు.

మరి నెలంతా చేసే పని ఏమిటి? పోస్టర్లు. ‘నెలకు ముప్పై పోస్టులు, నాలుగు రీల్స్’ అనే ప్యాకేజీ విప్పి చూస్తే అందులో పండుగ శుభాకాంక్షలు, జాతీయ దినోత్సవాలు, ప్రపంచ చిరునవ్వు దినోత్సవం. హాలు లోగో కింద పళ్లు ఇకిలించే బొమ్మ పెడితే కూతురి పెళ్లి కుదిరిన తండ్రి పరుగెత్తుకొస్తాడా? చూసేది ఏజెన్సీ వాళ్లూ, హాలు ఓనరూ, ఓనరు తమ్ముడూ.

అసలు పని ఎక్కడుందో ఒక్క కాగితం చెబుతుంది. మీ ప్రకటన నొక్కినవాళ్లు గూగుల్‌లో ఏం టైపు చేశారో చూపే నివేదిక అది. ఓనర్లలో దాన్ని అడిగేవాళ్లు అరుదు. లెక్కలు చూసే పని మీద ఒక ఫంక్షన్ హాలు వాళ్లది అలాంటిది ఒకటి నా చేతికొచ్చింది. ఏజెన్సీ వాళ్లు ‘హిమాయత్ సాగర్’ అన్న పేరును ఏ కట్టుబాటూ లేకుండా వదిలేశారు. వానాకాలం అది. జలాశయానికి 17 గేట్లు, పూర్తి మట్టం 1763.5 అడుగులు. నీళ్లు ఆ గీత దగ్గరికి వస్తున్నాయంటే నగరం సగం ఫోన్లు పట్టుకుంటుంది. ‘హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారా’, ‘హిమాయత్ సాగర్ నీటి మట్టం’, ‘సర్వీసు రోడ్డు మూశారా’. ఆ కింద పోలీస్ అకాడమీకి దారి వెతికినవాళ్లు. ఇంకా కింద నగరం నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్‌లో హాస్టలు వెతికినవాళ్లు. వరద వార్త కోసం వచ్చినవాడు పొరపాటున హాలు ప్రకటన నొక్కితే ఓనరు డబ్బు పోయింది. పెళ్లి హాలు కోసం వెతికినవాళ్లు ఆ జాబితాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఈ మాటలకు ప్రకటన చూపొద్దని గూగుల్‌కు చెప్పే వెసులుబాటు ఉంది, దానికి వారానికి అరగంట చాలు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక ప్రాంతంలో ఉన్నవాళ్లకే కాక దాని మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా ప్రకటన కనిపించడం గూగుల్‌లో ముందే పెట్టి ఉండే అమరిక. శంషాబాద్ మీద ఆసక్తి ఎవరికి ఉండదు? రేపు దుబాయ్ విమానం ఎక్కబోయే కరీంనగర్ కుర్రాడికీ ఉంటుంది. లాడ్జికి అతను పనికొస్తాడు, హాలుకు ఎందుకు? ఏజెన్సీకి డబ్బు ఇవ్వాల్సింది ఈ అరగంటలకే.

ప్రకటన ఖర్చులో ఇంత శాతం ఫీజు అనే పద్ధతి కూడా పత్రికల కాలం నాటిది. అప్పట్లో గుర్తింపు పొందిన ఏజెన్సీకి పత్రికే తన రేటులోంచి 15 శాతం కమీషను ఇచ్చేది, ఆ రేటు అందరికీ తెలిసిందే. గూగుల్, మెటాల్లో నడిచేది వేలం, అక్కడ ఆ రివాజు లేదు. మీరే కట్టాలి. ఎక్కువ ఖర్చయితే ఎక్కువ ఫీజు వచ్చేవాడికి వరద వెతుకులాటల మీద పోయే డబ్బు ఆపాలని ఎందుకు తోస్తుంది? చిన్న వ్యాపారానికి స్థిరమైన ఫీజే మేలు.

ఓనర్లకూ ఒక మాట. ‘మా బావమరిది కొడుకు ఐదు వేలకు చేస్తానన్నాడు’ అనేవాళ్లు ఏజెన్సీలను దొంగలనడం నాకు నచ్చదు. పని తెలిసిన ఉద్యోగి జీతం, ఖర్చులు కలిపి ఏజెన్సీకి నెలకు నలభై అయిదు వేలు పడుతుందనుకోండి. ఐదు వేల లెక్కన తొమ్మిదిమంది ఖాతాదారులు అతని జీతానికే సరి. ఆఫీసు అద్దె, లాభం కూడా కావాలంటే పదిహేనుమంది ఉండాలి. నెలకు 208 పని గంటలను పదిహేనుతో భాగిస్తే మీకు పద్నాలుగు గంటలు కూడా రావు, అందులో ఎక్కువ భాగం మీరే అడిగిన పోస్టర్లకు పోతుంది. ఐదు వేలకు వచ్చేది చిరునవ్వు దినోత్సవమే. ఒక హాలుకు గూగుల్ ప్రకటనలు, గూగుల్ మ్యాప్‌లో పేజీ చూడటం, వచ్చిన ఫోన్లు ఎలాంటివో విని సరిదిద్దడం నెలకు పదిహేను ఇరవై గంటల పని అని నా అంచనా. గంటకు వెయ్యి, పన్నెండు వందలు వేసుకుంటే పదిహేను నుంచి పాతిక వేల మధ్య తేలుతుంది. ఫొటోలు, వీడియో ఒక్కసారి ఖర్చు, వాటిని నెలనెలా ఫీజులో కలపకూడదు. యాభై వేలు అడిగితే గంటలు అడగండి. చెప్పలేకపోతే లేచి రండి.

అన్నిటికన్నా ప్రమాదం ‘అన్నీ కలిపి నలభై వేలు’. అందులో గూగుల్‌కు చేరింది పన్నెండా, ముప్పయ్యా? ఎవరికీ తెలియదు. ప్రకటన డబ్బు మీ కార్డు నుంచే గూగుల్‌కు పోవాలి, బిల్లు మీ జీఎస్టీ నంబరు మీద రావాలి. ఆ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. హాలు అద్దె మీద 18 శాతం వసూలు చేసి కట్టేవాళ్లు దాన్ని తమ పన్నులో తగ్గించుకోవచ్చు. జీఎస్టీ నమోదు లేని ఏజెన్సీ తన కార్డుతో కట్టి మీ దగ్గర నగదు తీసుకుంటే ఆ 18 శాతం మీకు గల్లంతే. మ్యాప్‌లో పేజీకి గూగుల్ పైసా తీసుకోదు, ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్ రెన్యువల్’ అన్న ఫోను వస్తే పెట్టేయండి. ఆ పేజీ, ప్రకటనల ఖాతా మీ ఈమెయిల్ మీద ఉండాలి, ఏజెన్సీకి అందులో అనుమతి మాత్రమే. లేకపోతే రేపు తెగతెంపులైన రోజు ఏళ్ల తరబడి పోగైన రివ్యూలు వాళ్ల చేతిలో ఉండిపోతాయి. మొదటి స్థానం గ్యారంటీ అన్నవాడి సంగతి చెప్పనక్కర్లేదు, అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది.

వెంచర్ల వాళ్ల వ్యవహారం వేరు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును నమోదు చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటించడమూ కుదరదు. తప్పితే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా. ఈ చుట్టుపక్కల 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది, 2022లో దాన్ని సడలించిన 69 జీవోను కూడా షరతులతోనే ఇచ్చారు. ‘111 ఎత్తేశారు, ఇప్పుడే కొనండి’ అని రీలు చేసిపెట్టిన ఏజెన్సీ ఫీజు తీసుకుని వెళ్లిపోతుంది, జరిమానాలో వాటాకు రాదు.

బ్రాండును ఫోన్లతో కొలవలేమని ఏజెన్సీల వాదన. కొత్త హాలుకు మొదటి ఏడాది పేరు తెలియడానికి కొంత ఖర్చు తప్పదు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత హాలు పేరు నిలబెట్టేది పార్కింగు, ఏసీ, కరెంటు పోయినప్పుడు జనరేటరు ఎంతసేపట్లో అందుకుంటుందన్నది. భోజనాల దగ్గర కుర్చీలు చాలని హాలుకు ఏ బ్రాండింగూ దిక్కు కాదు.

ఇక ఆషాఢం రాగానే, మూఢం పడగానే ‘ఈ నెల పెళ్లిళ్లు లేవు, మీకు డబ్బెందుకు’ అని ఏజెన్సీని ఆపేసే ఓనర్లున్నారు. ఆదా చేశామనుకుంటారు. పెళ్లి జరిగేది శ్రావణంలోనైనా హాలు వెతికేది సంబంధం ఖాయమై, పంతులు తేదీ చెప్పిన మర్నాడు. ఆ వెతుకులాట ఆషాఢంలోనే మొదలవుతుంది. పైగా వేలంలో నలుగురు తప్పుకున్నప్పుడు అదే ఫోను చౌకగా దొరికే అవకాశం ఉంది. ఏజెన్సీతో ఒప్పందం మూడు నెలలకు పెట్టుకోండి, మానుకోవడానికి నెల నోటీసు చాలు. కానీ ఆ మూడు నెలలు పెళ్లిళ్ల తేదీలను బట్టి కాక బయానాల తేదీలను బట్టి ఎంచుకోండి. పోయినేటి బయానా పుస్తకం తిరగేస్తే అవి ఏ నెలలో, ఏ వారంలో పడ్డాయో అందులోనే ఉంటుంది. ఏజెన్సీ మనిషి టర్నోవరు అడిగినప్పుడు అతని ముందు పెట్టాల్సింది ఆ పుస్తకం.