ఐఈఎల్‌టీఎస్ దాటాక

ఐఈఎల్‌టీఎస్‌లో 40 నిమిషాల్లో 250 పదాల వ్యాసం రాసి 7 బ్యాండ్ తెచ్చుకున్న మన పిల్లలు కూడా అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో టర్మ్ పేపర్ దగ్గర తడబడుతుంటారు. దీనికి వాళ్ల ఇంగ్లిష్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఇంటర్‌లో గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే పూర్తి మార్కులు వేశాం. అక్కడ అదే పనిని ప్లేజియరిజం అంటారు, సబ్జెక్టులో ఫెయిల్ చేస్తారు, ఒక్కోసారి యూనివర్సిటీ నుంచే పంపేస్తారు. అప్పుడు విద్యార్థి వీసా హోదా కూడా పోతుంది. ఇతరుల మాట ఎక్కడ ఆగిందో, తన వాదన ఎక్కడ మొదలైందో చూపిస్తూ రాయడం మన డిగ్రీ కాలేజీలే నేర్పాలి. ఇప్పటికే వెళ్లినవాళ్లకు మాత్రం ఒకటి చెప్పాలి: అక్కడ చాలా యూనివర్సిటీల్లో విద్యార్థుల కోసం ఉచితంగా రైటింగ్ సెంటర్ నడుస్తుంది. ఇంగ్లిష్ రాదనుకుంటారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు గానీ, అమెరికన్ విద్యార్థులు కూడా చిత్తుప్రతి పట్టుకుని అక్కడికే వస్తారు. గడువుకు వారం ముందే వెళ్లండి.