అలసటకు సోమరితనమని పేరు పెట్టకండి

మన ఇళ్లలో ఒక నింద తరచుగా వినిపిస్తుంది: ‘పొద్దంతా పడుకునే ఉంటుంది, ఒళ్లు వంచదు.’ ఆ నింద మోసేది సాధారణంగా కోడలో, బాలింతో, నలభై దాటిన తల్లో అయి ఉంటుంది. రాత్రంతా నిద్రించినా ఆమెకు బడలిక తీరదు. తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంది. ఇతరులకు ఉక్కగా ఉన్నప్పుడు కూడా ఆమెకు చలి వేస్తుంది. జుట్టు రాలడం, చర్మం పొడిబారడం, మలబద్ధకం, నెలసరిలో తేడాలు, మతిమరుపు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరుతాయి. ఫజ్ర్‌కు లేవలేకపోతే విశ్వాసమే సన్నగిల్లిందని అనేవారూ ఉన్నారు. ఈ మార్పులు నెలల తరబడి మెల్లగా వస్తాయి గనుక, ఇంటివారు వాటిని వ్యాధిగా గాక స్వభావంగా ఎంచుతారు.

కంఠం ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టి3, టి4 అనే హార్మోన్లను రక్తంలోకి విడుదల చేస్తుంది. దేహం ఏ వేగంతో శక్తిని వినియోగించుకోవాలో నిర్ణయించేవి అవే. అవి తగ్గినప్పుడు మెదడు దిగువనున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను అధికంగా పంపి థైరాయిడ్‌ను పురికొల్పుతుంది. కనుక రక్తంలో టీఎస్‌హెచ్ పెరిగితే సాధారణంగా థైరాయిడ్ మందగించిందని అర్థం. గ్రంథి మితిమీరి పనిచేసినా అలసట కలుగుతుంది; అప్పుడు గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తాయి. ఈ వ్యాధులు పురుషులలో కంటే స్త్రీలలో అనేక రెట్లు ఎక్కువ.

అయోడిన్ లోపం ఒక కారణం. దేహంలోని రక్షణవ్యవస్థయే గ్రంథిపై దాడి చేయడం మరొకటి. ఈ రెండవదానిని 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వివరించారు. అయోడిన్ తగినంత లభించే ప్రాంతాలలో నేడు ఇదే ప్రధాన కారణం.

అయితే ప్రతి అలసటా థైరాయిడ్ కాదు. రక్తహీనత, మధుమేహం, నిద్రలేమి, ఇంటి చింతలు, మానసిక ఒత్తిడి కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. థైరాయిడ్ మందగించినప్పుడు దిగులూ కలుగుతుంది గనుక, ఏది కారణమో ఏది ఫలితమో బయటి నుండి చూసి చెప్పలేము. విశ్రాంతి, ధ్యాస మళ్లింపు మనసుకు మేలు చేస్తాయి గాని, తగ్గిన హార్మోన్‌ను భర్తీ చేయలేవు. అందుకే ఊహ మాని రక్తపరీక్ష చేయించాలి. 2021లో 19 జిల్లాలలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు ప్రారంభమైనప్పుడు వాటిలో మన సిద్దిపేట కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సేకరించిన నమూనాలను ఉచితంగా పరీక్షించడం ఆ ఏర్పాటు ఉద్దేశం. థైరాయిడ్ పరీక్ష అందులో ఒకటి.

ఇక ఆహారం. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. గర్భిణులకు ఇంకా ఎక్కువ. గాయిటర్ నివారణకు మన దేశంలో జాతీయ కార్యక్రమం 1962లో మొదలైంది. వంటకు అయోడిన్ ఉప్పే వాడాలి. దొడ్డుప్పు, సైంధవ లవణాలలో సాధారణంగా అయోడిన్ కలిపి ఉండదు. ప్యాకెట్ చూసి కొనండి. ఉప్పు డబ్బాకు మూత పెట్టి, పొయ్యి వేడికి దూరంగా ఉంచండి. మేలని ఉప్పు పెంచకండి. రక్తపోటుకు అది హాని. అయోడిన్ మితిమీరినా గ్రంథికి చెరుపే. క్యాబేజీ, గోబీలను ఉడికించి మితంగా తింటే భయం లేదు.

వైద్యుడు లెవోథైరాక్సిన్ మాత్ర రాస్తే, ఉదయం ఖాళీ కడుపుతో మంచినీటితో వేసుకుని, అరగంట నుండి గంట వరకు చాయ్, నాష్తా ఆపాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాలకు తిరిగి పరీక్షించాలి. ఓపిక వచ్చిందని మాత్ర మానరాదు. ఆ ఓపిక మాత్ర వల్ల వచ్చినదే.

రమజాన్ రాగానే మాత్ర మానేసేవారున్నారు. ఇది రోజుకు ఒక్కసారి వేసుకునే మందు గనుక ఉపవాసానికి అడ్డురాదు. సహరీ భోజనానికి అరగంట నుండి గంట ముందు లేచి వేసుకోవచ్చు. లేదా రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏది తగినదో నెల ఆరంభానికి ముందే వైద్యుని అడగండి.

గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తొలి నెలలలో శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. గర్భం తెలిసిన వెంటనే మోతాదు గురించి వైద్యుని సంప్రదించాలి. మందు ఆపనే కూడదు. పుట్టిన బిడ్డకు మడమ నుండి రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష అడిగి చేయించండి. పుట్టుకతో లోపమున్నా తొలి వారాలలోనే చికిత్స మొదలైతే బుద్ధిమాంద్యాన్ని నివారించవచ్చు.

దేహానికీ ఇల్లాలికీ మనపై హక్కు ఉందని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన మిత్రునికి గుర్తు చేయగా, దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. కాబట్టి సోదరులారా, ఇంట్లో అలసిన స్త్రీకి హితబోధ చేసే ముందు ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఫలితం వచ్చేదాకా బిందెలు ఎత్తే పని, పిల్లలను బడికి పంపే పని మీరు పంచుకోండి. అల్లాహ్ మన ఇళ్లకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.