వంగని మోకాలు వైద్యుల ఓటమి కాదు

మోకీలు మార్పిడి ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో పరిచితమైన మాట. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆపరేషన్ తర్వాత చాలామంది నొప్పి లేకుండా నడుస్తున్నారు. అయితే సుమారు నూటికి ఒకరిద్దరిలో కొత్త కీలుకు ఇన్ఫెక్షన్ సోకుతుంది. వారి గురించి మాట్లాడేవారు తక్కువ.

లోహంపై స్థిరపడిన బ్యాక్టీరియా తమ చుట్టూ జిగురు పొరను అల్లుకుంటాయి. ఈ బయోఫిల్మ్ లోపల దాగినవాటిని యాంటీబయాటిక్‌లు పూర్తిగా చంపలేవు. అందుకే తరచూ కృత్రిమ కీలును తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మెను కొన్ని వారాలు ఉంచి, ఇన్ఫెక్షన్ తగ్గాక మరో కీలు అమరుస్తారు. ఎక్కువమందిలో ఇది ఫలిస్తుంది. ఇన్ఫెక్షన్ పదేపదే తిరగబెట్టినా, కాలిని చాచే కండరాలు, స్నాయువులు బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా దారులు కొన్నే మిగులుతాయి: మందులతో ఇన్ఫెక్షన్‌ను అణచి ఉంచడం, మోకాలి పైభాగంలో కాలు తొలగించడం, లేదా తొడ ఎముకను కింది ఎముకతో శాశ్వతంగా అతికించడం.

ఈ అతికింపే ఆర్థ్రోడెసిస్. ఇది కొత్తది కాదు. తర్వాత తుంటి మార్పిడికి ఆద్యుడిగా పేరొందిన బ్రిటిష్ సర్జన్ జాన్ చార్న్‌లీ, ఎముకల కొసలను బిగింపుతో ఒత్తి ఉంచి మోకీలును అతికించే పద్ధతిని 1948లో ప్రచురించారు. సూత్రం సులువే. రెండు కొసలు కదలకుండా గట్టిగా ఆనుకుని ఉంటే, విరిగిన ఎముకలాగే అవీ కలిసిపోతాయి. నేడు ఆ పట్టును పొడవాటి లోహపు కడ్డీ, ప్లేట్లు లేదా కాలి బయట బిగించే చట్రం ఇస్తాయి. అతుక్కోవడానికి నెలలు పడుతుంది.

మూల్యం చిన్నది కాదు. బిర్రబిగిసిన కాలితో నడవడానికి సుమారు పాతిక శాతం అదనపు శక్తి కావాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. బస్సు సీటులో కాలు ఇమడదు. రెండో కాలు, తుంటి, నడుము మీద భారం పెరుగుతుంది. రెండో మోకాలూ పాడైనవారికి ఇది సాధారణంగా తగదు. అయితే ఎముక అతికితే ఆ కీలు నొప్పి చాలావరకు పోతుంది, సొంత పాదం నేలపై ఆనుతుంది. మోకాలి పైన కాలు కోల్పోయి కృత్రిమ కాలితో నడవడానికి ఇంతకంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

అలాంటప్పుడు ఈ మార్గం వరుస ఆపరేషన్లతో ఒళ్లూ చేతిలో డబ్బూ కరిగిపోయాక చివరి మాటగా ఎందుకు వినపడాలి? ముందే చెబితే రోగి బెదిరిపోతాడన్న వాదన ఉంది. ఆలస్యంగా చెబితే ఎంచుకునే అవకాశమే పోతుంది. ఇన్ఫెక్షన్ మొదటిసారి తిరగబెట్టినప్పుడే లాభనష్టాలు అతని ముందు పెట్టాలి.

చవకైన పరీక్ష కూడా ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు మోకాలు వంగకుండా కట్టు లేదా బ్రేస్ వేసి, కొన్ని రోజులు ఇంట్లో గడపమనవచ్చు. మెట్లు, మరుగుదొడ్డి, ఆటో ప్రయాణం ఎలా ఉంటాయో రోగికీ కుటుంబానికీ తెలుస్తుంది. కట్టు విప్పేయవచ్చు, అతికిన ఎముకను విడదీయడం దాదాపు అసాధ్యం. ఆ తేడా తెలిసి చెప్పిన ‘సరే’ మాత్రమే నిజమైన అంగీకారం.