వంటవాడి విస్తరి

పెళ్ళింట్లో వంటవాడు పంక్తి లేవకముందే ఇంటికి వెళ్ళి భోంచేసి వచ్చాడని తెలిస్తే, మనం విస్తరి వైపు కాస్త అనుమానంగా చూస్తాం. పాపం, ఆ రోజు అతనికి ఒంట్లో బాగుండక పోవచ్చు. అయినా ముద్ద నోటికి పోదు.

మొన్న మా పాత శిష్యుడొకడు వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారు చేస్తాడు. మాటల్లో యూనిటీ కంపెనీ సంగతి వచ్చింది. అలాంటి ఆటల తయారీకి పనిముట్లు అమ్మే అమెరికా కంపెనీ అది. రాబడి, వాడకం ఒక హద్దు దాటిన ఆటను ఎవరు కొత్తగా తమ యంత్రంలోకి ఎక్కించుకున్నా, ఎక్కించుకున్నప్పుడల్లా తయారుదారు 20 సెంట్ల దాకా కట్టాలని 2023 సెప్టెంబరు 12న ప్రకటించింది. ఇల్లు కట్టుకున్నాక, గడప దాటిన చుట్టానికింతని ఇటుకలమ్మినవాడు వసూలుకు వచ్చినట్లుంది!

అంతకు ఆరు రోజుల ముందే కంపెనీ ముఖ్యాధికారి జాన్ రిచిటియెల్లో తన షేర్లు 2,000 అమ్ముకున్నాడు. అంతకు ముందు ఏడాదిలో 50,000 పైచిలుకు అమ్మాడట. కొన్నది ఒక్కటీ లేదు. ఈ సంగతి బయటపడేసరికి జనం కోపం రెట్టింపయింది.

న్యాయం చెప్పుకోవాలి. ఆయనకు 2,000 షేర్లు ఒక లెక్క కాదు. అది నేరమని రుజువూ కాలేదు. జీతంలో భాగం షేర్లుగా పుచ్చుకున్నవారు ఎప్పుడో అమ్ముకోకపోతే ఇల్లెట్లా గడుస్తుంది? చట్టం అడిగేదల్లా, లోపలి రహస్యం చూసుకుని అమ్మారా అని. కాని మనసులోని మాట ఎవరు చూడవచ్చారు?

అందుకే మన సెబీ 2015లో నిబంధనలు పెట్టింది. మూడు మాసాల గడువు ముగిసింది మొదలు, ఆ లెక్కలు వెల్లడైన 48 గంటల దాకా కంపెనీ లోపలివారు తమ షేర్ల జోలికి పోరాదు. లేదా, ఫలానా రోజుల్లో ఇన్ని అమ్ముతామని ముందే పట్టిక రాసి లోకానికి తెలియజేయాలి. 2024 సవరణ ప్రకారం, ఆ తర్వాత 120 రోజులు ఆగాలి. వంటవాడు తనకు ఏకాదశి ఉపవాసమని నాలుగు నెలల ముందే చెప్పడమన్నమాట. అప్పుడు మన ముద్దకు అడ్డులేదు.

యూనిటీ ఆ నెలలోనే క్షమాపణ చెప్పి నిబంధనలు సడలించింది. అక్టోబరులో ఆ అధికారి పదవి వదిలాడు. 2024 సెప్టెంబరులో ఆ రుసుమే రద్దయింది.

"అయితే మళ్ళీ ఆ పనిముట్లే వాడుతున్నారా?" అన్నాను.

"వాడుతున్నాం మాస్టారూ. కాని పక్కన ఇంకొకటి కూడా నేర్చుకుంటున్నాం" అన్నాడు.

పంక్తిలో కూర్చున్నా, ఇంటి దగ్గర గుప్పెడు బియ్యం అట్టే పెట్టుకోవడమన్నమాట!