ఐపీ అడ్రస్‌కు ముసుగు గుమ్మంలోనే వేయాలి

గౌరవనీయులైన ప్రధాన సాంకేతిక అధికారి గారికి,
డేటా ఇంటిగ్రేషన్ విభాగం ఉద్యోగులు సమర్పించుకుంటున్న వినతిపత్రం

విషయం: రక్తపరీక్షల బుకింగ్ యాప్ నుంచి వేర్‌హౌస్‌కు చేరే డేటాలో ఐపీ అడ్రస్‌ల మాస్కింగ్ గురించి.

ఆర్యా,

రిపోర్టుల టేబుల్ తెరిస్తే క్లయింట్ ఐపీ కాలమ్‌లో ప్రతి ఐపీవీ4 అడ్రస్ చివరా సున్నాయే కనిపిస్తుంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అది చూసి సరేనన్నారు. ఆ టేబుల్‌కు చేరేలోపు అసలు అడ్రస్ ఎన్నిచోట్ల పడి ఉంటోందో రోజూ జాబ్‌లు నడిపే మాకు తెలుసు. ల్యాండింగ్ ఫోల్డర్‌లో వచ్చిన ఫైలు వచ్చినట్టే ఉంటుంది. డీబగ్ మోడ్ ఆపడం మరిచిపోతే లాగ్‌లోకీ ఎక్కుతుంది. అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టేది రిజెక్ట్ ఫైలు. తేదీ ఫార్మాట్ కుదరక లోడ్ కాని వరుసలన్నీ అందులోకి పోతాయి, ఆ ఫైలేమో షేర్డ్ డ్రైవ్‌లో ఉంటుంది. ఒక వరుస ఎలా ఉంటుందో చూడండి: 203.0.113.57 (ఇది ఉదాహరణల కోసం కేటాయించిన అడ్రస్, ఎవరిదీ కాదు), పక్కనే రాత్రి 11:42, ఆ పక్కన హెచ్ఐవీ పరీక్ష కోడ్. పేరు ఉండదు. కానీ ఆ అడ్రస్ ఆ సమయంలో ఏ కనెక్షన్‌దో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి తెలుసు. అది ఆఫీసు నెట్‌వర్క్ అయితే అక్కడి అడ్మిన్‌కూ తెలుస్తుంది.

కాబట్టి మాస్కింగ్ చివరి టేబుల్‌లో కాకుండా, డేటా అడుగుపెట్టే మొదటి దశలోనే జరగాలన్నది మా ప్రధాన కోరిక. క్లయింట్ ఐపీ అనే ఒక్క కాలమ్‌తో సరిపెట్టవద్దు. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ కాలమ్‌లో కామాలతో రెండు మూడు అడ్రస్‌లు వస్తాయి, వాటిని ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. ఐపీవీ6 సంగతి మరీ అన్యాయం. మన మాస్కింగ్ రూల్ చుక్కలతో విడిపోయే నాలుగు సంఖ్యల కోసమే వెతుకుతుంది. కోలన్‌లతో వచ్చే అడ్రస్ దానికి దొరకదు, ఎర్రర్ కూడా రాదు, నిక్షేపంగా వేర్‌హౌస్ దాకా వెళ్లిపోతుంది. మొబైల్‌లో బుక్ చేసుకునే వాళ్లలో ఐపీవీ6 వాడకం ఎక్కువ. ఐపీవీ6 అడ్రస్‌లో మొదటి 48 బిట్లు ఉంచి మిగతా 80 బిట్లు సున్నా చేయాలి. ఏ రూల్‌కూ దొరకని విలువ వస్తే దాన్ని వదిలేయకుండా ఖాళీ చేయాలి.

హ్యాష్ చేస్తే చాలదా అని సమావేశాల్లో అడుగుతున్నారు. చాలదు. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపినా సుమారు 429 కోట్లే. రహస్య కీ లేని ఎస్‌హెచ్‌ఏ-256 అయితే అన్నిటికీ హ్యాష్‌లు కట్టి పోల్చుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డుకు సెకన్ల పని. కీతో నడిచే హెచ్‌మ్యాక్ వాడితే ఒకే అడ్రస్‌కు ఒకే టోకెన్ వస్తుంది, జాయిన్‌లు చెడవు. ఆ కీ మాత్రం జాబ్ పారామీటర్ ఫైల్లో కాకుండా కీ వాల్ట్‌లో ఉండాలి. మోసాలు పట్టే బృందానికి నెట్‌వర్క్ వారీగా గుంపులు కావాలంటే, ప్రిఫిక్స్ సంబంధం చెడకుండా మార్చే క్రిప్టో-పాన్ పద్ధతి ఉంది. దానికీ బలహీనతలున్నాయి గనుక వారికి మాత్రమే ఇవ్వాలి.

అసలు అడ్రస్‌లున్న లాగ్‌లు తమకు కావాలన్న సెక్యూరిటీ విభాగం అభ్యంతరం న్యాయమైనదే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలి. వాటిని విడిగా, ఎన్‌క్రిప్ట్ చేసి, ఎవరు తెరిచారో నమోదయ్యేలా ఉంచితే సరిపోతుంది. ఆ లాగ్‌ల పేరు చెప్పి మార్కెటింగ్ డాష్‌బోర్డుకు అసలు అడ్రస్ ఇవ్వడం కుదరదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 కింద భద్రతా చర్యల్లో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఆ చర్యల్లో మాస్కింగ్‌ను కూడా పేర్కొన్నాయి.

టెస్టింగ్‌కు ప్రొడక్షన్ కాపీ ఇచ్చే అలవాటు కూడా ఆపించాలి. ఉదాహరణల కోసం కేటాయించిన అడ్రస్‌లతో టెస్ట్ డేటా మేమే తయారుచేస్తాం.

ఈ మార్పులకు మూడు నెలలు పట్టవచ్చు. వ్రాతపూర్వకంగా గడువు తేదీ ఇప్పించండి. ఈలోగా రిజెక్ట్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఇద్దరు ఆన్‌కాల్ ఉద్యోగులకే పరిమితం చేయించండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, మీ ఆమోదంతో ఒక టికెట్ చాలు.

ఇట్లు,
డేటా ఇంటిగ్రేషన్ విభాగం ఉద్యోగులు,
హైదరాబాద్