ఫైల్ పోలేదు, సోకు పోయింది!

వాడరేవు బీచ్‌లో కూర్చుని ఫోన్‌లో ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిచారు. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉన్న హెడ్డింగులు, రంగులు అన్నీ చెల్లాచెదురు! కంగారు పడకండి. పోయింది సోకే, సరుకు కాదు.

2007 నుంచి వస్తున్న వర్డ్ ఫైల్ (.డాక్స్) నిజానికి ఒక జిప్ మూట. మీరు రాసిన మాటలు అందులో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో, ఫాంట్, సైజు, రంగు లాంటి స్టైల్స్ ఇంకో ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటాయి. ఈ రెండోదే స్టైల్‌షీట్ పని చేస్తుంది. చేప ఒకటే, పులుసు పెట్టాలా, వేపుడు చెయ్యాలా అని చెప్పే చీటీ వేరు అన్నమాట.

చాలా ఫోన్ ఎడిటర్లకు ఆ చీటీలో సగమే అర్థమవుతుంది. మిగతాది వదిలేస్తాయి. మీరు పెట్టిన మండలి ఫాంట్ ఫోన్‌లో లేకపోతే ఉన్నదేదో తగిలిస్తాయి. లైన్ల మధ్య ఎడం తగ్గితే మన వత్తులు కింది లైను మీదికి ఎక్కుతాయి.

అసలు తిప్పలు సేవ్ కొట్టాకే. తమకు అర్థం కాని స్టైల్స్‌ని కొన్ని ఎడిటర్లు తీసిపారేస్తాయి. ఇక ల్యాప్‌టాప్‌లో తెరిచినా తిరిగి రావు.

అందుకే ఫోన్‌లో దిద్దే ముందు ఒరిజినల్ కాపీ దాచుకోండి. స్పేసులు కొట్టి, బోల్డ్ చేసి సరిపెట్టకుండా ‘హెడ్డింగ్ 1’ లాంటి రెడీమేడ్ స్టైల్స్ వాడండి, వాటిని ఎక్కువ ఎడిటర్లు గుర్తుపడతాయి. సార్‌కి చూపించడానికే అయితే పీడీఎఫ్ పంపేయండి!