ఎనిమిది పైసల సంగతి

బడిగంట పిల్లలందరికీ ఒకేసారి కొడతారు. తేడాలన్నీ ఆ తరువాతే. డబ్బు కట్టగలిగినవారి పిల్లలు సాయంత్రం సంగీతానికో, వేసవిలో ఈతకో వెళతారు. మా పనిమనిషి కూతురు, తల్లి నాలుగిళ్ళ చాకిరీ ముగించేదాకా, తమ్ముణ్ణి చంకనేసుకుని అరుగుమీద కూర్చుంటుంది. కథల పుస్తకం ఒకటి ఇచ్చి చూశాను. మర్నాటికల్లా తిరిగి తెచ్చి, “ఇంకోటుందాండీ?” అంది.

ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం ఏమైనా చేయరాదా అంటారా? ఏర్పాటు ఏనాడో జరిగింది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతున్నాం. మునిసిపాలిటీలూ, పంచాయతీలూ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. వసూలు బాగానే సాగుతుంది. జమ దగ్గరే చాలాచోట్ల బకాయిలు పేరుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో వేసవిలో పిల్లలకు ఉచితంగా విజ్ఞాన శిబిరాలు పెడుతున్నారు. పుస్తకాలు చదివిస్తారు, కథలు చెబుతారు, బొమ్మలు వేయిస్తారు. పైసా ఖర్చు లేకుండా పేదపిల్లలు అడుగుపెట్టగల చోటది. కాని రావలసిన సొమ్ము రాకపోతే కొత్త పుస్తకాలు ఎలా కొంటారు? సాయంత్రాలు తలుపులు తీసి ఉంచే మనిషికి జీతమెవరిస్తారు?

ఇంటిపన్ను రసీదు మీ బీరువాలోనే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. ఆ గ్రంథాలయ పన్ను చేరవలసిన చోటికి చేరిందా అని మీ వార్డు సభ్యుణ్ణి అడగండి. మనం కట్టిన డబ్బు సంగతి మనం అడగడానికి మొహమాటమెందుకు?